పక్కవాద్యం ఎవరు?

రేడియోలో కచేరీ అయిపోగానే వచ్చే ప్రకటన మన తరం వాళ్ళందరికీ కంఠతా వచ్చు. గాత్రం ఫలానా వారు, వయోలిన్ సహకారం ఫలానా వారు, మృదంగ సహకారం ఫలానా వారు. ఆ ‘సహకారం’ అన్న మాట నాకు చిన్నప్పట్నుంచీ ఇష్టం. పక్కవాద్యం అనడం కన్నా మర్యాదగా ఉంటుంది. కానీ పెళ్ళయి ఇరవై మూడేళ్ళు సంసారం చేశాక ఆ మాటని కొంచెం అనుమానంగా చూస్తున్నాను. ఎందుకంటే మన ఇళ్ళల్లోనూ ఇదే ప్రకటన నడుస్తుంటుంది. ఉద్యోగం ఆయనది, సహకారం ఆవిడది. ర్యాంకు పిల్లాడిది, సహకారం అమ్మది. గృహప్రవేశం మామగారిది, సహకారం కోడలిది. రేడియోలో అయితే పేరైనా చదువుతారు. ఇళ్ళల్లో చాలాసార్లు అదీ ఉండదు.

నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. సహకారం అనేది ఒక పని. గొప్ప పని కూడా. కానీ దాన్ని ఒకే మనిషికి జీవితాంతం అంటగట్టకూడదు. వంతులు మారుతూ ఉండాలి. ఈ సంగతి నాకు బాగా అర్థమయ్యేలా చేసింది పాశ్చాత్య శాస్త్రీయ సంగీతంలో వయోలిన్, పియానో ఇద్దరే కూర్చుని చేసే కచేరీ. ‘మాకు ఆ సంగీతం తెలీదే’ అని ఈ పేజీ మూసెయ్యకండి. దీంట్లో సంగీతం ఎంతుందో సంసారం అంతే ఉంది.

మా అమ్మాయి హైదరాబాద్‌లో ఇలాంటి కచేరీ ఒకటి ఉందంటే ఇద్దరం వెళ్ళాం. చిన్న హాలు. వేదిక మీద నల్లటి పెద్ద పియానో, దాని మూత కర్ర పెట్టి ఎత్తి ఉంది. వయోలిన్ ఆయన ముందు నిలబడ్డాడు. పియానో ఆవిడ పక్కగా, కొంచెం వెనక్కి కూర్చుంది. ఆవిడ ఎడమ పక్కన మరో కుర్చీలో ఒక అమ్మాయి, స్వరాల పుస్తకంలో పేజీలు తిప్పడానికి. మైకు పట్టుకున్నాయన వయోలిన్ విద్వాంసుడి గురించి అయిదు నిమిషాలు చెప్పాడు. ఏ దేశంలో పుట్టాడు, ఎవరి దగ్గర నేర్చుకున్నాడు, ఎన్ని బహుమతులు అన్నీ. చివర్లో, ‘పియానో మీద వీరికి సహకారం అందిస్తున్నవారు’ అంటూ ఆవిడ పేరు ఒకటి చదివి దిగిపోయాడు. పేజీలు తిప్పే అమ్మాయికి అసలు పేరే లేదు.

తరవాత కచేరీ మొదలైంది. మైకాయన చెప్పిన దానికీ, నాకు వినిపించిన దానికీ పొంతన లేదు.

మొదట వాయించింది మొజార్ట్ రాసిన ఇ మైనర్ సొనాటా. 1778లో రాశాడట. అదే ఏడాది జూలైలో వాళ్ళమ్మ పారిస్‌లో, అతని దగ్గర ఉండగానే పోయింది. ఆ సొనాటా మొదలవడమే రెండు వాద్యాలూ ఒకే పాటని కలిసి పలుకుతాయి. పెద్దా చిన్నా లేదు. తరవాత పాట వయోలిన్ చేతిలోకి వెళ్తే పియానో తగ్గి కింద ఆధారంగా నిలబడుతుంది. పాట పియానోలోకి రాగానే వయోలిన్ గొంతు తగ్గించి, చిన్న చిన్న స్వరాలతో ఊ కొడుతుంది. వీళ్ళకి మృదంగం లేదు, తాళం వేసేవాళ్ళు లేరు. ఆయన కమాను ఎత్తేముందు ఊపిరి పీలుస్తాడు, ఆ ఊపిరితో పాటే ఆవిడ చేతులు లేస్తాయి. నాకు మా అమ్మమ్మగారి పెరడు గుర్తొచ్చింది. ఒకే రోట్లో ఇద్దరు రెండు రోకళ్ళు పట్టుకుని దంచేవారు. ఒకరి రోకలి లేచినప్పుడు ఇంకొకరిది పడాలి. ఎవరు దంచుతున్నారు, ఎవరు సహకరిస్తున్నారు అని అక్కడ ఎవరూ అడగరు. అడిగితే నవ్వుతారు.

నేను తెలుగు బి.ఏ. చదివిన దాన్ని కాబట్టి నా బుర్ర వ్యాకరణం వైపు పోతుంది. తత్పురుషలో రెండో పదానికే ప్రాధాన్యం. ద్వంద్వ సమాసంలో రెండు పదాలకీ సమాన ప్రాధాన్యం. తల్లిదండ్రులు, అన్నదమ్ములు, భార్యాభర్తలు అన్నీ ద్వంద్వాలే. మనకి భాష నేర్పినవాళ్ళు ఆ సంగతి ఎప్పుడో తేల్చేశారు. పరీక్షలో ‘భార్యాభర్తలు’ని తత్పురుష అని రాస్తే మార్కు పోతుంది. ఇళ్ళల్లో మాత్రం అలాగే చదువుకుంటున్నాం. వయోలిన్, పియానో సొనాటా కూడా ద్వంద్వమే. దాన్ని తత్పురుషగా ప్రకటించాడు ఆ మైకాయన.

ఇంటికొచ్చాక ఈ సంగీతం గురించి చదవడం మొదలుపెట్టాను. మధ్యాహ్నం వంటిల్లు సర్దుకున్నాక దొరికే గంటన్నరలో చదివినదే. చదివేకొద్దీ ఆశ్చర్యం. మొదట్లో ఇది పియానో సంగీతమే! 1764లో, మొజార్ట్ ఎనిమిదేళ్ళ పిల్లాడుగా ఉన్నప్పుడు పారిస్‌లో అచ్చయిన తొలి సొనాటాల మీద ఉన్నది, పియానోకి అక్కలాంటి హార్ప్సికార్డ్ కోసం రాసినవి, కావాలంటే వయోలిన్ తోడు పెట్టుకోవచ్చు అని. అంటే అప్పుడు పక్కవాద్యం వయోలిన్. ఆ తరవాత నలభై ఏళ్ళలో వయోలిన్ మెల్లగా పియానోకి సమానమైంది. మరో వందేళ్ళు గడిచేసరికి జనం కళ్ళకి వయోలినే రాజు, పియానో పరివారం. రాసిన స్వరాలు అవే. ఎవరు ముందు నిలబడ్డారో చూసి జనం ముఖ్యులెవరో నిర్ణయించేసుకున్నారు. ముందు నిలబడినవాళ్ళే ముఖ్యులన్న లెక్క ఇంత చంచలమైనదని తెలిశాక నాకెందుకో కొంత ధైర్యం వచ్చింది.

ఈ చరిత్రలో 1784 అనే సంవత్సరం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఆ ఏడాది ఏప్రిల్ 29న వియన్నాలో రెజీనా స్ట్రినసాకీ అనే ఇటలీ అమ్మాయి వయోలిన్ కచేరీ చేసింది. ఇరవైల్లో ఉన్న పిల్ల. ఆవిడ కోసం మొజార్ట్ కొత్త సొనాటా రాశాడు. వయోలిన్ భాగం పూర్తిగా రాసిచ్చాడు గానీ తన పియానో భాగం రాసుకునే తీరిక లేక, దాదాపు ఖాళీ కాగితం ముందు పెట్టుకుని చక్రవర్తి ఎదుట వాయించేశాడు. ఆ రాతప్రతి ఇప్పటికీ ఉంది. పియానో స్వరాలు తరవాత వేరే సిరాతో ఇరికించి రాసినట్టు కనిపిస్తాయి. ఆడపిల్ల స్వరాలు ముందు రాసి, తనవి తరవాత రాసుకున్నాడన్న మాట! ఆవిడ వాయిద్యంలో ఎంత అభిరుచి, ఎంత అనుభూతి ఉన్నాయో మెచ్చుకుంటూ వాళ్ళ నాన్నకి ఉత్తరం రాశాడు. మరుసటి ఏడాది ఆ నాన్నగారు కూడా ఆవిడ కచేరీ విని, కూతురికి రాసిన ఉత్తరంలో, ప్రతిభ ఉన్న ఆడవాళ్ళు మగవాళ్ళ కన్నా ఎక్కువ భావంతో వాయిస్తారని తన అభిప్రాయం చెప్పాడు.

ఇంతకీ ఆ ఉత్తరం అందుకున్న కూతురు ఎవరు? మొజార్ట్ అక్క మారియా అన్నా. ఇంట్లో నానెర్ల్ అనేవారు. చిన్నప్పుడు అక్కాతమ్ముళ్ళిద్దరినీ వాళ్ళ నాన్నే యూరప్ అంతా తిప్పి కచేరీలు చేయించాడు. అక్క కూడా గొప్పగా వాయించేది. పెళ్ళీడు రాగానే ఆమె ప్రయాణాలు ఆగిపోయాయి, తమ్ముడివి సాగాయి. అదే 1784 ఆగస్టులో ఆమెకి పెళ్ళి చేశారు. వరుడికి అంతకుముందే భార్య పోయింది, అయిదుగురు పిల్లలు. ప్రతిభగల ఆడవాళ్ళు ఎంత భావంతో వాయిస్తారో చెబుతూ నాన్న రాసిన ఉత్తరాన్ని ఆవిడ చిన్న ఊళ్ళో, సవతి పిల్లల మధ్య కూర్చుని చదువుకుని ఉంటుంది. అప్పుడు ఆవిడకి ఏమనిపించి ఉంటుందో మీకూ నాకూ ఎవరూ చెప్పక్కర్లేదు.

మొజార్ట్ తండ్రి చెడ్డవాడని నేననను. ఆయన పద్ధతిలో ఆయన కూతుర్ని ప్రేమించాడు. నేర్పించాడు, మెచ్చుకున్నాడు, ఉత్తరాలు రాశాడు. మన నాన్నలూ అంతే కదా! సంగీతం నేర్పిస్తారు, పోటీలకి తీసుకెళ్తారు, షీల్డులు షోకేసులో పెడతారు. పెళ్ళి చూపుల్లో ‘మా అమ్మాయి పాడుతుందండీ’ అని గర్వంగా చెబుతారు. ఆ పాట అక్కడికి సరి. పెళ్ళయ్యాక ఆ పాట గురించి అడిగేవాళ్ళే ఉండరు.

ఇక ఆ రోజు కచేరీలో విరామం తరవాత వాయించినది బీథోవెన్ క్రూట్జర్ సొనాటా. ఇది 1803 మే 24న వియన్నాలో మొదటిసారి వినిపించారు. వయోలిన్ బ్రిడ్జ్‌టవర్ అనే యువకుడు, పియానో స్వయంగా బీథోవెన్. తరవాత ఇద్దరికీ ఏదో మాటామాటా వచ్చి, బీథోవెన్ ఆ కృతిని క్రూట్జర్ అనే వేరే వయోలిన్ విద్వాంసుడికి అంకితమిచ్చేశాడు. ముప్పావు గంటకి కాస్త తక్కువగా సాగుతుంది. మొదటి భాగంలో వయోలిన్ ఒంటరిగా ఒక మాట అంటుంది, పియానో దానికి కొంచెం దిగులుగా జవాబిస్తుంది. ఆ తరవాత ఇద్దరూ పరుగు. నాకు మాత్రం రెండో భాగం ఎక్కువ నచ్చింది. అక్కడ పాటని ముందు పియానో ఒక్కటే పలుకుతుంది, తరవాత వయోలిన్ అందుకుంటుంది. ఆ పాటనే మార్చి మార్చి వాయిస్తారు. మొదటి మార్పులో పియానో అల్లిక అంతా చేస్తుంటే వయోలిన్ చిన్న చిన్న స్వరాలు వేస్తూ పక్కన ఉంటుంది. రెండో మార్పులో వయోలిన్ పైపైకి ఎగురుతుంటే పియానో కింద అడుగులు వేస్తుంది. మూడోదానికి ఇద్దరూ కలిసి దిగులుపడతారు. ఒక్క పావుగంటలో పక్కవాద్యం ఎన్నిసార్లు చేతులు మారిందో నేను వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాను. వేళ్ళు చాల్లేదు.

ఈ సొనాటా పేరుతోనే టాల్‌స్టాయ్ 1889లో ఒక కథ రాశాడు. అందులో భార్య పియానో వాయిస్తుంది. ఇంటికి వచ్చే వయోలిన్ విద్వాంసుడితో కలిసి ఈ క్రూట్జర్ సొనాటానే వాయిస్తుంది. అది చూసిన భర్త అనుమానంతో రగిలిపోయి చివరికి ఆమెని చంపేస్తాడు. కథంతా ఆ భర్తే రైల్లో తోటి ప్రయాణికుడికి చెబుతాడు. భార్య వైపు కథ మనకి తెలీదు. ఇద్దరు మనుషులు సమానంగా కలిసి చేసే పనిని చూసి ఆ మొగుడు భరించలేకపోయాడు. సంగీతానికే నేరం అంటగట్టాడు.

ఆ కథ వెనక ఇంకో కథ ఉంది. టాల్‌స్టాయ్ భార్య సోఫియా పదమూడుగురు పిల్లల్ని కన్న తల్లి. భర్త రాతప్రతుల్ని మళ్ళీ మళ్ళీ సాపు రాసిపెట్టిన మనిషి. ఈ కథలో భార్య తనేనని లోకం అనుకుంటుందని ఆవిడ బాధపడింది. అయినా సెన్సారు వాళ్ళు కథని ఆపేస్తే, 1891లో స్వయంగా వెళ్ళి జార్ చక్రవర్తిని కలిసి, భర్త సంపుటాల్లో అది అచ్చవడానికి అనుమతి తెచ్చింది. చూశారా సహకారం అంటే! ఆ తరవాత ఆవిడ కూర్చుని అదే కథకి జవాబుగా, భార్య వైపు నుంచి ఒక నవలిక రాసింది. దాని పేరుకి ‘తప్పెవరిది?’ అని అర్థం. అది అచ్చయింది ఎప్పుడనుకున్నారు? 1994లో. ఆవిడ పోయాక దాదాపు డెబ్భై అయిదేళ్ళకి. ఆయన పాట అచ్చు కావడానికి ఆవిడ రాజు దగ్గరికి వెళ్ళింది. ఆవిడ పాట కోసం ఎవరూ ఎక్కడికీ వెళ్ళలేదు.

మరీ పాత కాలం సంగతులంటారేమో. మన అమ్మమ్మల కాలానికి రండి. యెహుదీ మెనూహిన్ పేరు మీలో కొందరు వినే ఉంటారు. పండిట్ రవిశంకర్‌తో కలిసి రికార్డులు ఇచ్చిన వయోలిన్ విద్వాంసుడు. ఆయన చెల్లెలు హెఫ్జిబా పియానో వాయించేది. 1934లో పద్నాలుగేళ్ళ వయసులో పారిస్‌లో అన్నయ్యతో కలిసి పెద్ద కచేరీ చేసింది. ఇద్దరూ సమానంగా వాయించేవారని విన్నవాళ్ళంతా అన్నారు. 1938లో ఆ అన్నాచెల్లెళ్ళిద్దరికీ పెళ్ళిళ్ళయ్యాయి. అవి మన భాషలో చెప్పాలంటే కుండమార్పిడి పెళ్ళిళ్ళు. ఆస్ట్రేలియాకి చెందిన ఒక అన్నాచెల్లెళ్ళని వీళ్ళిద్దరూ చేసుకున్నారు. అదే ఏడాది, అదే వియ్యం. పెళ్ళయ్యాక అన్నయ్య కచేరీల ప్రయాణం ఆగలేదు. పద్దెనిమిదేళ్ళ చెల్లెలు మాత్రం భర్తతో ఆస్ట్రేలియాలో గొర్రెల పెంపకం భూముల్లోకి కాపరానికి వెళ్ళింది. ఆవిడ పూర్తిగా మానెయ్యలేదు. తరవాత కూడా అన్నయ్యతో వేదికలెక్కింది, రికార్డులిచ్చింది. ఆ రికార్డులు ఇప్పటికీ దొరుకుతాయి, వినండి. కానీ ఒకే ఇంట్లో, ఒకే ఏడాది జరిగిన రెండు పెళ్ళిళ్ళు రెండు చేతుల మీద ఇంత వేరువేరుగా ఎందుకు పనిచేశాయి?

అలాగని ప్రపంచమంతా ఒకే దారిలో నడిచిందని చెప్పను. విల్మా నెరూడా అనే ఆవిడ ఉంది. ఆ రోజుల్లో యూరప్‌లో ఆడపిల్లకి పియానో శోభిస్తుంది గానీ, గడ్డం కింద వయోలిన్ పెట్టుకుని నిలబడడం అందంగా ఉండదనేవారు. ఆవిడ 1869లో లండన్ వచ్చి వాయించాక, అక్కడ ఆడపిల్లలు వయోలిన్ పట్టుకోవడం పెరిగింది. షెర్లాక్ హోమ్స్ తొలి నవలలో కూడా ఆవిడ కచేరీకి వెళ్ళే ప్రస్తావన ఉంది. 1888లో చార్లెస్ హాలే అనే పియానో విద్వాంసుణ్ణి పెళ్ళి చేసుకుంది. మాంచెస్టర్‌లో పెద్ద వాద్యబృందం పెట్టిన మనిషాయన. యాభై దాటిన వయసులో ఆవిడ, డెబ్భై దాటాక ఆయన, కలిసి ఆస్ట్రేలియా దాకా వెళ్ళి కచేరీలు చేశారు. ముందు నిలబడేది భార్య, పక్కన కూర్చుని పియానో వాయించేది భర్త. ఆయన పరువేమీ పోలేదు.

మన దగ్గర మాత్రం? విజయనగరం మా పుట్టిల్లు కాబట్టి అక్కడి మాటే చెబుతాను. వయోలిన్ అంటే పక్కన కూర్చునేదే అనుకునే రోజుల్లో ద్వారం వెంకటస్వామినాయుడు గారు దాన్ని వేదిక మధ్యకి తెచ్చి ఒంటరిగా కచేరీలు చేశారు. 1919లో పెట్టిన మహారాజా సంగీత కళాశాలలో పాఠం చెప్పి, 1936లో ప్రిన్సిపాల్ అయ్యారు. అదే ఊరి ఆడపడుచు అవసరాల కన్యాకుమారి గారు ఎం.ఎల్. వసంతకుమారి గారి పక్కన ఏళ్ళ తరబడి వాయించి, తరవాత ఎన్నో వయోలిన్లతో తానే కచేరీలు నడిపి, 2016లో సంగీత కళానిధి అందుకున్నారు. వయోలిన్ వాయించే ఆడవాళ్ళలో ఆ బిరుదు మొదట వచ్చింది ఆవిడకే. పక్కన వాయించడం తక్కువ పని కాదనడానికి ఆవిడే రుజువు. పక్కన వాయించిన మనిషి మధ్యకి కూడా రాగలదనడానికీ ఆవిడే రుజువు.

అదే ఊళ్ళో మా పెద్దక్క కూడా ఆరేళ్ళు వయోలిన్ నేర్చుకుని డిప్లొమా పూర్తి చేసింది. పెళ్ళికి నాన్న కొత్త వయోలిన్ కొనిచ్చారు. అత్తవారింట్లో ఎవరూ ‘వాయించకు’ అనలేదు. మా బావగారు చాలా మంచి మనిషి, ఇప్పటికీ అక్కని ఒక్క మాట అనరు. కానీ వాయించమని కూడా ఎవరూ అనలేదు. పొద్దున టిఫిన్లు, మధ్యాహ్నం మామగారి మందులు, సాయంత్రం పిల్లల హోంవర్కులు. వయోలిన్ బీరువా మీంచి అటక మీదికి వెళ్ళింది. మొన్న ఇల్లు మారుతున్నప్పుడు పెట్టె తెరిస్తే, కమానుకి కట్టిన గుర్రపు వెంట్రుకల్ని పురుగులు కొరికేశాయి. తీగల్ని మోసే బ్రిడ్జి పడిపోయి ఉంది. అక్క పెట్టె మూసేసి, ‘దీన్ని ఎవరైనా నేర్చుకునే పిల్లకి ఇచ్చేద్దామే’ అంది. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది.

ఎవరూ వద్దనకుండానే ఒక విద్య ఎలా పోతుందో నాకు అప్పుడు తెలిసింది. నిషేధాలు అక్కర్లేదు. వంతు రాకపోతే చాలు.

ఇక్కడ కొందరు అడగబోయే ప్రశ్న నాకు తెలుసు. ‘ఇద్దరూ ముందుకొస్తే సంసారం ఎవరు నడుపుతారు? ఎవరో ఒకరు తగ్గాలి కదా?’ నిజమే, తగ్గాలి. సొనాటాలోనూ ఇద్దరూ ఒకేసారి గట్టిగా వాయిస్తూ కూర్చుంటే అది గోల. నేనూ ఇల్లు చూసుకోవడం ఇష్టపడే ఎంచుకున్నాను, దానికి నాకేమీ చిన్నతనం లేదు. తగ్గడం మీద నాకు పేచీ లేదు. ఎప్పుడూ ఒకరే తగ్గడం మీదే పేచీ. పాట అవతలి చేతిలో ఉన్నప్పుడు నువ్వు తగ్గు. పాట నీ దగ్గరికి వచ్చినప్పుడు అవతలివాళ్ళు తగ్గాలి. అలా తగ్గడం చేతకాని వయోలిన్ విద్వాంసుణ్ణి మంచి విద్వాంసుడని ఆ సంగీతంలో ఎవరూ అనరు.

జెరాల్డ్ మూర్ అని ఇంగ్లండులో ఒక పియానో విద్వాంసుడు ఉండేవారు. జీవితమంతా గాయకులకీ, వాద్యకారులకీ పక్కన పియానో వాయించారు. 1962లో తన జ్ఞాపకాలు పుస్తకంగా వేస్తే దానికి ‘నా చప్పుడు మరీ ఎక్కువైందా?’ అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. ఆ పేరు చదివి నేను నవ్వుకున్నాను, తరవాత నవ్వు ఆగిపోయింది. పియానో గొంతు పెద్దది. వయోలిన్‌ని ముంచేస్తుందన్న భయంతో చాలాచోట్ల దాని మూత సగమే ఎత్తుతారు. నా చప్పుడు ఎక్కువైందా, నా నవ్వు ఎక్కువైందా, నేను మాట్లాడింది ఎక్కువైందా అని మనలో ఎంతమంది రోజూ అడుక్కుంటూ ఉంటాం! మూత సగమే ఎత్తి బతకడం అలవాటైపోయింది. ఆ రోజు హాల్లో మాత్రం మూత పూర్తిగా ఎత్తి ఉంది. వయోలిన్ మునిగిపోలేదు. పియానో ఆవిడకి ఎక్కడ తగ్గాలో తెలుసు, ఆయనకీ తెలుసు.

ఇంకొక్క మాట, ఆ పేజీలు తిప్పే అమ్మాయి గురించి. ఆవిడ వాయించలేదు. కానీ ప్రతి స్వరం వెంటా కళ్ళు పరుగెత్తించి, సరిగ్గా సమయానికి లేచి, ఆవిడ చేతులకి అడ్డు రాకుండా వంగి, పేజీ తిప్పి కూర్చుంది. ఒక్క పేజీ ఆలస్యమైతే కచేరీ ఆగిపోయేది. మన ఇళ్ళల్లో పేజీలు తిప్పేవాళ్ళు ఎవరు? గిన్నెలు తోమి పెట్టే మనిషి, మనం బయటికి వెళ్తే పిల్లల్ని చూసుకునే అత్తగారో అమ్మో. మన పేరు ఎవరూ చదవలేదని బాధపడే మనం వాళ్ళ పేరు కూడా చదవాలి. ఆడవాళ్ళ న్యాయం మన గుమ్మం దగ్గరే ఆగిపోతే అది సగం న్యాయమే.

ఉపన్యాసం ఇచ్చి వదిలెయ్యడం నాకు నచ్చదు. చేయగలిగినవి కొన్ని చెబుతాను. క్రూట్జర్ సొనాటా ఫోన్లో దొరుకుతుంది, రెండో భాగం ఒక్కటి పెట్టుకుని వినండి. రాగాలు తెలియక్కర్లేదు. ఇప్పుడు పాట ఎవరి చేతిలో ఉంది అని మాత్రం గమనిస్తూ ఉండండి. వీలైతే మీ ఆయన్ని కూడా పక్కన కూర్చోబెట్టుకోండి. తరవాత మీ ఇంటి వారం రోజులు కూడా అలాగే వినండి. పాట ఎన్నిసార్లు మీ దగ్గరికి వచ్చింది? వచ్చినప్పుడు పక్కవాళ్ళు తగ్గారా?

అటక మీద ఏముందో చూడండి. హార్మోనియమో, వీణో, కుంచెలో, సగం రాసిన కథల నోటుపుస్తకమో. అది మీదైతే దింపించండి. మీ అత్తగారిదైతే, ‘ఇది మీరు వాయించేవారా అత్తయ్యా?’ అని అడగండి. మీ కోడలిదైతే, వారంలో ఒక సాయంత్రం ఆమె వంతు వంట మీరో, మీ అబ్బాయో చెయ్యండి. ‘మానెయ్యమని మేం అనలేదు’ అన్న మాటతో చేతులు దులుపుకోకండి.

పెళ్ళీడు ఆడపిల్లల తల్లులు సంబంధం మాట్లాడేటప్పుడు కట్నకానుకల దగ్గరా, ఉద్యోగం దగ్గరా ఆగిపోకుండా, అమ్మాయి విద్య గురించి కూడా సూటిగా అడగండి. ఎప్పుడు సాధన చేస్తుంది, ఆ గంట ఇల్లు ఎవరు చూస్తారు? మా అమ్మాయికి సంబంధాలు చూస్తున్నాం. నా జాబితాలో ఈ ప్రశ్న చేరింది. మా ఆయన ‘అంత వివరంగా అడిగితే ఏమనుకుంటారో’ అన్నారు. ఏమనుకుంటారో తెలుసుకోవడానికే అడుగుతున్నానండీ అన్నాను.